ప్రోగ్రామింగు తొలి అభ్యాసాలు

ప్రోగ్రామింగు తొలి అభ్యాసాలు అనగా కంప్యూటరు భాషను కొత్తగా నేర్చుకొనేవారు మొదట వ్రాసే చిన్న చిన్న ప్రోగ్రాములు. వాడుకరి కీబోర్డుపై ఇచ్చిన విలువను తీసుకోవడం, దానిని ఒకటి రెండు ఫంక్షనులకు అందించి లెక్క కట్టడం, జవాబును తెరపై చూపడం వీటి సామాన్య స్వరూపం. వైశాల్యం, ఉష్ణోగ్రత మార్పిడి, ఫాక్టోరియల్, లీపు సంవత్సరం, అంకెను ఊహించే ఆట, ఎటునుండి చదివినా ఒకేలా ఉండే పదాన్ని గుర్తించడం వీటిలో ప్రసిద్ధమైనవి. ఇవి పది పదిహేను వరుసలకు మించవు. అయితే పెద్ద ప్రోగ్రాములలో నష్టం కలిగించిన కొన్ని తప్పులు సరిగ్గా ఈ అభ్యాసాలలో ఎదురయ్యేవే కనుక వీటికి వాటి పరిమాణానికి మించిన ప్రాముఖ్యం ఉన్నది.

నేపథ్యం

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ రూపొందించిన బేసిక్ భాష 1964 మే 1న తొలిసారి పనిచేసింది. విజ్ఞానశాస్త్రం చదవని విద్యార్థులు కూడా కంప్యూటరును వాడగలగాలన్నది వారి ఉద్దేశం. విశేషమేమంటే, ఆ తొలి బేసిక్‌లో వాడుకరిని అడిగి విలువ తీసుకొనే ఆదేశమే లేదు. కావలసిన విలువలను ప్రోగ్రాము లోపలే 'డేటా' వరుసలలో వ్రాసి 'రీడ్' అనే ఆదేశంతో చదివించేవారు. 'ఇన్‌పుట్' ఆదేశం 1966లో వచ్చిన రూపంలో చేరింది. ప్రోగ్రాము నడుస్తూ ఉండగానే మనిషి బదులు చెప్పడం దానితో సాధ్యమై, ఆటలకు దారి ఏర్పడింది. డేవిడ్ ఆల్ 1973లో వెలువరించిన '101 బేసిక్ కంప్యూటర్ గేమ్స్' అనే పుస్తకంలో అంకెను ఊహించే ఆట కూడా ఉన్నది.

సి భాషకు బ్రయాన్ కెర్నిగన్, డెన్నిస్ రిచీ 1978లో వ్రాసిన పుస్తకం 'హలో, వరల్డ్' అని తెరపై చూపించే ప్రోగ్రాముతో మొదలవుతుంది. తరువాత వచ్చిన పాఠ్యపుస్తకాలలో చాలా వరకు ఆ పద్ధతినే అనుసరించాయి. ఆ ప్రోగ్రాము ఎవరినీ ఏమీ అడగదు కనుక ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం వస్తుంది. చిక్కులన్నీ వాడుకరి ప్రవేశించే రెండవ ప్రోగ్రాముతోనే మొదలవుతాయి.

ఆంధ్ర ప్రదేశ్ ఇంజనీరింగు, పాలిటెక్నిక్ కళాశాలలలో చదివిన ఒక తరానికి ఈ అభ్యాసాలు టర్బో సి నీలిరంగు తెరతో ముడిపడి ఉన్నాయి. బోర్లాండ్ సంస్థ 1987లో విడుదల చేసిన ఈ కంపైలరు డాస్ కాలానికి చెందినది. ప్రోగ్రాము మొదట పాత తెరను తుడిచే ఆదేశం, చివర ఏదో ఒక మీట నొక్కేవరకు ఆగే ఆదేశం వ్రాయడం అప్పటి విద్యార్థులకు దాదాపు మంత్రంలా కంఠతా వచ్చేది. ఆ రెండూ సి భాష ప్రమాణంలో భాగం కావు. చాలామందికి ఆ సంగతి ఉద్యోగంలో చేరిన తరువాతగానీ తెలియలేదు.

అడగడం, లెక్కించడం

ఈ అభ్యాసాలలో నేర్చుకోవలసిన మొదటి విషయం రెండు పనులను వేరు చేయడం. ఫంక్షను తనకు అందిన విలువలతో లెక్క కట్టి ఫలితాన్ని తిరిగి ఇవ్వాలి. వాడుకరిని ప్రశ్న అడగడం, జవాబు చూపడం ఫంక్షను బయట జరగాలి. ఉదాహరణకు, అడుగులలో కొలిచిన ఇంటి స్థలాన్ని చదరపు గజాలలో చెప్పే ప్రోగ్రామును తెలుగులో ఇలా వ్రాసుకోవచ్చు.

ఫంక్షను చదరపు_గజాలు (పొడవు, వెడల్పు):
పొడవు × వెడల్పు ÷ 9 విలువను తిరిగి ఇవ్వు

పొడవు = అడుగు ("పొడవు ఎన్ని అడుగులు?")
వెడల్పు = అడుగు ("వెడల్పు ఎన్ని అడుగులు?")
చూపు చదరపు_గజాలు (పొడవు, వెడల్పు)

40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల స్థలం 1200 చదరపు అడుగులు, అనగా సుమారు 133.33 చదరపు గజాలు. ఒక సెంటు 48.4 చదరపు గజాలు కనుక దీనిని ఇంకొక చిన్న ఫంక్షనుకు అందిస్తే సుమారు 2.75 సెంట్లు అని వస్తుంది. ఒక ఫంక్షను ఫలితాన్ని మరొక దానికి ఇలా అందించాలంటే మొదటిది ఫలితాన్ని తిరిగి ఇచ్చి ఉండాలి. కొత్తవారు తరచుగా ఫంక్షను లోపలే జవాబును తెరపై చూపించి ఊరుకుంటారు. చూడడానికి తేడా కనిపించదు కానీ, ఆ ఫంక్షను నుండి తరువాతి లెక్కకు ఏ విలువా అందదు.

పై నమూనాను పైథాన్ భాషలో యథాతథంగా వ్రాస్తే మాత్రం పనిచేయదు. వాడుకరి 40 అని కొట్టినప్పుడు ప్రోగ్రాముకు అందేది నలభై అనే సంఖ్య కాదు, '4', '0' అనే రెండు గుర్తుల వరుస. ఇటువంటి వరుసను స్ట్రింగు అంటారు. రెండు స్ట్రింగులను గుణించడం పైథాన్‌లో కుదరదు కనుక తప్పు ఉన్నదని చెప్పి ప్రోగ్రాము ఆగిపోతుంది. ఇది ఒక విధంగా అదృష్టమే. అదే స్థలానికి ప్రహరీ పొడవు కావాలని పొడవు, వెడల్పులను కూడి రెండుతో గుణించినచో ఏ అభ్యంతరమూ రాదు. స్ట్రింగుల కూడిక అంటే పక్కపక్కన అతికించడం, రెండుతో గుణించడం అంటే రెండుసార్లు వ్రాయడం. కనుక 140 అడుగులు రావలసిన చోట 40304030 అని వస్తుంది. జావాస్క్రిప్టులో పరిస్థితి మరీ విచిత్రం. అక్కడ గుణకారంలో స్ట్రింగులు తమంతట తామే సంఖ్యలై 1200 అని సరైన జవాబు వస్తుంది, కూడికలో మాత్రం 4030 అవుతుంది. ఆగిపోయే ప్రోగ్రాము కంటే నిశ్శబ్దంగా తప్పు చెప్పే ప్రోగ్రాము ప్రమాదకరమని ఇక్కడే అర్థమవుతుంది. స్ట్రింగును సంఖ్యగా మార్చే ఫంక్షనును వెంటనే వాడడం దీనికి విరుగుడు. వాడుకరి అంకెలకు బదులు 'నలభై' అని వ్రాసినా, ఏమీ వ్రాయకుండా ఎంటర్ మీట నొక్కినా ఆ మార్పిడి విఫలమవుతుంది. అప్పుడు మళ్ళీ అడిగే ఏర్పాటు కూడా అభ్యాసంలో భాగమే.

సంఖ్యలతో చిక్కులు

ఫారన్‌హీట్ నుండి సెల్సియస్‌కు మార్చే సూత్రం అందరికీ తెలిసినదే. 32 తీసివేసి, 5తో గుణించి, 9తో భాగించాలి. సి భాషలో ముందుగా 5ను 9తో భాగిస్తే, రెండూ పూర్ణాంకాలు కనుక ఫలితం 0 అవుతుంది. ఆపైన ఏ ఉష్ణోగ్రత ఇచ్చినా జవాబు 0 డిగ్రీలే. కెర్నిగన్, రిచీల పుస్తకం రెండవ ముద్రణ (1988) గుణకారాన్ని ముందు చేసి ఈ చిక్కును తప్పించింది, కారణం కూడా వివరించింది.

ఫాక్టోరియల్ అభ్యాసం పరిమితులను చూపుతుంది. టర్బో సిలో సాధారణ పూర్ణాంకానికి 16 బిట్లే ఉండేవి, గరిష్ఠ విలువ 32767. 7 ఫాక్టోరియల్ 5040 సరిగానే వచ్చేది. 8 ఇస్తే 40320కి బదులు -25216 వచ్చేది. ధన సంఖ్యలను గుణిస్తే ఋణ సంఖ్య ఎలా వచ్చిందని ఆశ్చర్యపోవడం వలన తప్పు బయటపడేది. 32 బిట్ల పూర్ణాంకంలో 12 వరకు ఇబ్బంది లేదు. 13 ఫాక్టోరియల్ 6227020800 కాగా, సాధారణంగా కనిపించే ఫలితం 1932053504. ఇది ధన సంఖ్యే, పెద్ద సంఖ్యే, కనుక చూసినవారు సులభంగా నమ్ముతారు. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఇటువంటి హద్దు లేదు.

లీపు సంవత్సరం

4తో భాగింపబడే సంవత్సరం లీపు సంవత్సరం. 100తో భాగింపబడితే కాదు. 400తో భాగింపబడితే తిరిగి అవును. కాబట్టి 1900 లీపు సంవత్సరం కాదు, 2000 లీపు సంవత్సరం. లెక్కించే భాగం విడి ఫంక్షనుగా ఉంటే 1900, 2000, 2023, 2024 అనే నాలుగు విలువలతో దానిని క్షణంలో పరీక్షించవచ్చు, ప్రతిసారీ కీబోర్డు ముట్టనక్కరలేదు.

ఈ అభ్యాసం స్థాయికి చెందిన ఒక ఫంక్షను 2008 డిసెంబరు 31న వార్తలకెక్కింది. మైక్రోసాఫ్ట్ వారి జూన్ సంగీత పరికరాలలో 30 గిగాబైట్ల నమూనా ఆ రోజున ఎక్కడివక్కడ స్తంభించిపోయింది. గడచిన రోజుల సంఖ్య నుండి సంవత్సరాన్ని లెక్కించే భాగంలో, మిగిలిన రోజులు 365 కంటే ఎక్కువగా ఉన్నంతసేపు తీసివేత జరగాలి. లీపు సంవత్సరమైతే 366 కంటే ఎక్కువగా ఉన్నప్పుడే తీసివేయాలి. సరిగ్గా 366 మిగిలినప్పుడు ఏమి చేయాలో వ్రాయలేదు. లీపు సంవత్సరం చివరి రోజున రోజులు తగ్గవు, ఆవృత్తి ముగియదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయాక మరునాడు ఆ పరికరాలు మామూలుగా పనిచేశాయి.

వాడుకరిని నమ్మడం

అంకెను ఊహించే ఆటలో కంప్యూటరు 1 నుండి 100 లోపు ఒక అంకెను తలచుకుంటుంది. వాడుకరి చెప్పిన అంకె పెద్దదో చిన్నదో చెబుతుంది. ప్రతిసారీ మధ్య అంకెను అడిగేవారు ఏడు ప్రయత్నాలకు మించకుండా గెలుస్తారు. పైథాన్ రెండవ తరంలో ఈ ఆటను గెలవడానికి అంతకంటే సులువైన మార్గం ఉండేది. అందులోని ఇన్‌పుట్ ఫంక్షను వాడుకరి వ్రాసిన దానిని ప్రోగ్రాము భాగంగా భావించి అమలు చేసేది. రహస్య సంఖ్యను దాచిన చరరాశి పేరును జవాబుగా వ్రాస్తే మొదటి ప్రయత్నంలోనే గెలుపు! ఆటలో ఇది తమాషా, కానీ అదే దారిలో ఫైళ్ళను చెరిపే ఆదేశం కూడా ఇవ్వవచ్చు. 2008 డిసెంబరు 3న విడుదలైన పైథాన్ 3.0లో ఈ ఫంక్షను అర్థాన్ని మార్చి, ఎప్పుడూ స్ట్రింగునే ఇచ్చేలా చేశారు. రెండవ తరానికి మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. పాత పుస్తకాలను చూసి నేర్చుకొనేవారు ఈ తేడాను గమనించాలి.

సి భాషలో ఒక వరుసను చదివే 'గెట్స్' అనే ఫంక్షనుకు ఎంత స్థలం ఉన్నదో తెలియదు, ఎంత వస్తే అంత వ్రాసుకుంటూ పోతుంది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ వదిలిన ఇంటర్నెట్ వర్మ్ వ్యాపించిన మార్గాలలో ఇది ఒకటి. వాడుకరుల వివరాలు తెలిపే 'ఫింగర్' సేవ 512 బైట్ల స్థలం కేటాయించగా, వర్మ్ 536 బైట్లు పంపింది. గెట్స్‌ను 2011 నాటి సి ప్రమాణం నుండి పూర్తిగా తొలగించారు. అప్పటికి దాదాపు ఒక తరం విద్యార్థులు 'మీ పేరు ఏమిటి?' అనే అభ్యాసాన్ని దానితోనే వ్రాశారు.

వికటకవి

పదాన్ని తిరగవేసి, మొదటి దానితో పోల్చి, రెండూ ఒకటే అయితే 'అవును' అనడం మరొక ప్రసిద్ధ అభ్యాసం. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలలో 'మేడమ్' వంటి పదాలు ఇస్తారు. తెలుగువారికి వెంటనే స్ఫురించే పదం తెనాలి రామకృష్ణుని బిరుదైన 'వికటకవి'. పైథాన్‌లో వ్రాసిన మామూలు ప్రోగ్రాముకు ఈ పదం ఇస్తే 'కాదు' అని జవాబు వస్తుంది. 'జలజ', 'కనక', 'నటన' ఇస్తే 'అవును' అంటుంది.

కారణం యూనికోడ్ తెలుగును నిల్వ చేసే తీరులో ఉన్నది. 1991లో వచ్చిన తొలి యూనికోడ్ నుండే తెలుగుకు స్థానం ఉన్నది. అందులో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు వేరొక సంకేతం. 'వి' అనగా 'వ' తరువాత గుడి. కనుక మనకు అయిదు అక్షరాలుగా కనిపించే వికటకవి కంప్యూటరుకు ఏడు సంకేతాల వరుస. దానిని సంకేతం సంకేతంగా తిరగవేస్తే మొదట గుడి వచ్చి, ఆ తరువాత 'వ' వస్తుంది. ఆ గుడి ముందు హల్లు ఏదీ లేదు, పైగా 'ట' తరువాతి 'క' వెళ్ళి గుడి తగిలించుకొని 'కి' అవుతుంది. జలజలో గుణింతపు గుర్తులు లేవు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇదే కారణం వలన 'తెలుగు' పదం పొడవు ఎంతని అడిగితే మూడు అని కాక ఆరు అని వస్తుంది. 'స్త్రీ' ఒక్క అక్షరమే అయినా దాని పొడవు కూడా ఆరే. సి భాషలో పరిస్థితి ఇంకా కష్టం. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, బైట్లను తిరగవేస్తే తెలుగే మిగలదు.

పరిష్కారం ఒక చిన్న ఫంక్షను. సంకేతాలను వరుసగా చదువుతూ గుణింతపు గుర్తు, సున్న, విసర్గ, పొల్లు వస్తే వాటిని ముందున్న అక్షరానికి చేర్చాలి. ముందు పొల్లు ఉండగా హల్లు వస్తే అది ఒత్తు కనుక దానిని కూడా అదే అక్షరంలో కలపాలి. మరేది వచ్చినా కొత్త అక్షరం మొదలుపెట్టాలి. ఇలా విడదీసిన అక్షరాల జాబితాను తిరగవేసి పోలిస్తే వికటకవికి 'అవును' వస్తుంది. నేటికీ చాలా అభ్యాస పుస్తకాలు ఇంగ్లీషు లిపినే దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి కనుక, తెలుగు విద్యార్థి ఈ ఫంక్షనును తానే వ్రాసుకోవడం మేలు. పద్యపాదాన్ని అక్షరాలుగా విడదీసి గురులఘువులను గుర్తించడానికి కూడా మొదటి మెట్టు ఇదే.

తెలుగు పేర్లు, తెలుగు అంకెలు

పైథాన్ 3లో చరరాశులకు, ఫంక్షనులకు తెలుగు పేర్లు పెట్టవచ్చు. భాష సొంత ఆదేశాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి. 'సాఫ్ట్‌వేర్' వంటి పదాలలో పొల్లును విడిగా చూపడానికి వాడే కనిపించని గుర్తు పేరులో ఉంటే పైథాన్ అంగీకరించదు. తప్పు ఎక్కడ ఉన్నదో కంటికి కనిపించదు కనుక దీనిని వెదకడం కష్టం.

స్ట్రింగును పూర్ణాంకంగా మార్చే పైథాన్ ఫంక్షను తెలుగు అంకెలను గుర్తిస్తుంది. వాడుకరి ౪౦ అని వ్రాసినా అది 40గానే మారుతుంది, స్థలం లెక్క సరిగా వస్తుంది. సి భాషలోని 'ఎటోయ్' అనే మార్పిడి ఫంక్షను తెలుగు అంకెలకు 0 ఇస్తుంది, జావాస్క్రిప్టు అది సంఖ్యే కాదంటుంది.