క్రిస్మస్ దీపాల తీగ

పాశ్చాత్య దేశాలలో క్రిస్మస్ చెట్టును పూర్వం మైనపు వత్తులతో అలంకరించేవారు. ఎండిన కొమ్మల నడుమ మండే వత్తులు ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. 1882 డిసెంబరులో ఎడిసన్ సహచరుడైన ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్కులోని తన ఇంట ఒక చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల విద్యుద్దీపాలు 80 అమర్చాడు. ఆ దీపాలన్నిటికీ తీగను చేతితోనే కలపవలసి వచ్చింది. అందువల్ల ఈ వేడుక కొంతకాలం ధనికులకే పరిమితమైంది.

1903 ప్రాంతంలో దీపాలను ముందే కూర్చిన దండలు అంగళ్ళకు వచ్చాయి. 1904లో హార్వే హబెల్ సులభంగా పెట్టి తీయదగిన ప్లగ్గుకు పేటెంటు పొందాడు. అయితే దండ పొడవును నిర్ణయించేది కార్ఖానా. చూరు పొడవు మాత్రం ఎవరి ఇంటిది వారిదే. ఈ చిక్కు తీరాలంటే తీగను ఇంటివారే కత్తిరించుకోగలగాలి.

దీనికి రెండు సాధనాలు తోడ్పడ్డాయి. మొదటిది ప్లాస్టిక్ తొడుగు. రబ్బరు కాలక్రమాన ఎండి పగులుతుంది. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ పి.వి.సి.ని మెత్తగా వంగేటట్లు చేయగలిగాడు. రెండవది గుచ్చుకొనే ప్లగ్గు. జంట తీగ కొసను అందులో దూర్చి మూత బిగిస్తే లోహపు మొనలు తొడుగును చీల్చుకొని రాగిని తాకుతాయి. తొడుగు ఒలవనక్కరలేదు, మాటు వేయనక్కరలేదు.

కాని వైర్‌మన్ చేసే పని ఇంటివారి చేతికి వచ్చినప్పుడు అతని జాగ్రత్త కూడా రావాలి. అమెరికా జంట తీగలో ఒకదాని తొడుగుపై గీతలుంటాయి. అది ప్లగ్గులోని వెడల్పు రేకుకే కలవాలి. తారుమారైతే దీపపు మరచుట్టుకు విద్యుత్తు పారి, బల్బు మార్చే చేతికి షాకు తగులుతుంది.

పొడవుకూ ఒక లెక్క ఉంది. ఒక మిల్లీమీటరు వ్యాసంగల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 22 ఓముల నిరోధం ఉంటుంది. 30 మీటర్ల జంట తీగలో విద్యుత్తు పోయిరావలసిన దూరం 60 మీటర్లు. నిరోధం సుమారు 1.3 ఓములు. 5 ఆంపియర్లు ప్రవహిస్తే 6.5 వోల్టులు తీగలోనే నష్టమై, 30 వాట్లకు పైగా వేడి పుడుతుంది. పరచిన తీగలో ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. మిగిలిన తీగను చుట్టగా చుట్టి మూలన పడవేస్తే అది అక్కడే పేరుకొని తొడుగును కరిగించవచ్చు. తీగను కావలసినంతకే కత్తిరించడం అందానికే కాదు, రక్షణకు కూడా.

నేటి ఎల్.ఇ.డి. దీపాలు చాలా తక్కువ విద్యుత్తుతో వెలుగుతాయి కనుక ఈ వేడి బాగా తగ్గింది. గీతల తీగ ఏ రేకుకు కలవాలన్న నియమం మాత్రం మారలేదు. మైనపు వత్తి ప్రమాదం కంటికి కనిపించేది. తీగలోని ప్రమాదం కనిపించదు. కనుకనే దానిని తెలిసి మెలగాలి.