గడ్డి పెరిగే నేలను బంజరు అన్నదెవరు?

పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది. ఓపికతో చివరిదాకా చదవండి, తప్పులుంటే చెప్పండి.

పోయిన వానాకాలం మేము హాస్టల్ పిల్లలం కొందరం ఒక గుట్ట దగ్గర మొక్కలు నాటనీకి పోయినం. గుంతలు తీసినం, ఫొటోలు దిగినం, స్టేటస్ పెట్టుకున్నం. అక్కడ మేకలు కాస్తున్న ఒక తాత మమ్మల్ని ఒక్కటే అడిగిండు: "బిడ్డా, ఇది గడ్డి జాగ. మీరు దీనికి కంచె కడితే మా మేకలు ఏడ మేయాలె?" "ఖాళీ జాగనే కదా తాతా" అన్నం. ఆయన నవ్వి ఊకున్నడు. ఆ నవ్వు మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. గడ్డి ఉన్న నేలను "ఖాళీ" అని చెప్పుడు మాకు ఎవరు నేర్పిండ్రు? అది వెతుక్కుంటూ పోతే దొరికిన చరిత్ర ఇది.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ, సిరిసిల్ల దిక్కు పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి చూడండి. రాతి గుట్టలు, వాటి కింద మొరం నేలలు, అక్కడక్కడ మోదుగు, రేగు, తుమ్మ. ఎండాకాలం చూస్తే చచ్చిపోయిన నేల లెక్క ఉంటది. రెండు వానలు పడంగనే అదే నేల పచ్చబడుతది. దసరా నాటికి గడ్డి ఎన్నులు వేస్తది, సంక్రాంతి నాటికి బంగారు రంగుకు తిరుగుతది. ఇసొంటి నేలల మట్టి పొర పలుచన. వాన నాలుగు నెలలే. అందుకే చెట్లు దూరం దూరం ఉంటయి, నడుమ గడ్డి ఉంటది. దీన్ని చాలామంది "నరికేసిన అడవి" అనుకుంటరు. అన్ని చోట్ల అది నిజం కాదు. మహారాష్ట్రలో పరిశోధకులు పాత మరాఠీ పాటలు, కథలు వెతికి, వాటిల ఏ చెట్లు, ఏ గడ్డి పేర్లు ఉన్నయో లెక్క తీసిండ్రు. 13వ శతాబ్దం నుంచి కూడా అక్కడ గడ్డి, ముళ్ల చెట్లు కలిసి ఉన్న బయలు నేలలే ఉన్నయని తేలింది. మనది కూడా అదే దక్కన్ పీఠభూమి.

ఈ గడ్డి మీద ఎవరు బతికిండ్రు? గొల్లలు, కురుమలు. కురుమల నల్ల గొంగడి ఈ గడ్డి తిన్న దక్కనీ గొర్రె బొచ్చే. గుట్టల అంచున నాయకపోడులు, పైన గోదావరి దాటితే గోండులు, కొలాములు. ఇగ బంజారాలు. ఈరోజు తాండ అంటే ఊరు అనుకుంటున్నం. అసలు తాండ అంటే నడిచే ఎద్దుల బారు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే, ఒక్కో బారుల పది పన్నెండు వేల ఎద్దులు ధాన్యం, ఉప్పు మోస్తూ పోవుడు చూసినట్టు రాసిండు. ఆ ఎద్దులకు దాణా ఎవరు పెట్టాలె? దారి పొడవునా ఉన్న గడ్డే వాటి తిండి. అంటే ఇప్పుడు లారీకి డీజిల్ ఎట్లనో అప్పుడు వ్యాపారానికి గడ్డి అట్ల.

బంజారాల్లో ఒక కథ ఉంది. సుమారు 1630లో షాజహాన్ మంత్రి ఆసఫ్ ఖాన్ దక్కన్ మీదికి వచ్చినప్పుడు భంగి, జంగి అనే నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతో సైన్యానికి ధాన్యం మోసిండ్రంట. దానికి వాళ్లకు రాగిరేకు మీద హక్కు రాసిచ్చిండ్రంట. నీళ్లు దొరకని చోట కుండల నీళ్లు, గడ్డి దొరకని చోట ఇంటి కప్పు మీది గడ్డి తీసుకోవచ్చని దాంట్ల ఉన్నదని చెప్తరు. కథ ఎంతవరకు నిజమో పక్కన పెడదాం. బంగారం, జాగీర్లు అడగక నీళ్లు, గడ్డి హక్కుగా చెప్పుకున్న జనం మన పెద్దలు. సేవాలాల్ మహారాజ్ కూడా పశువుల మందల నడుమ పెరిగిన మనిషే.

మరి ఈ నేల "బంజరు" ఎట్లయింది? బంజర్ అనేది ఉర్దూ మాట, పంట పండని భూమి అని అర్థం. శిస్తు లెక్కల నుంచి మన నోట్లోకి వచ్చింది. శిస్తు వసూలు చేసేటోనికి శిస్తు వచ్చే భూమే భూమి, మిగిలింది పనికిరానిది. ఇంగ్లీషు సర్కారు కూడా తన ఇలాకాలో ఇట్లనే రాసింది. నిజాం రాజ్యంలో మేతకు విడిచిన భూములకు కంచె, గైరాన్, బంచరాయి అని వేర్వేరు పేర్లుండె. వాటిని కాగితం మీద సర్కారు భూమి కింద కట్టిండ్రు. అడవికి హద్దులు గీసినప్పుడు లోపల మేపితే రుసుం అన్నరు. కుమ్రం భీం పోరాటంలో భూమితో పాటు పశువులు మేపుకునే హక్కు కూడా ఉంది. ఆయన 1940లో జోడేఘాట్ దగ్గర అమరుడైండు. జల్, జంగల్, జమీన్ అని మనం అంటుంటం. ఆ జమీన్‌ల దున్నే భూమే కాదు, మేసే భూమి కూడా ఉందని గుర్తు పెట్టుకోవాలె.

నేలకు ఏం పేరు పెట్టిండ్రో, ఆ నేల మీద తిరిగే మనుషులకు కూడా అసొంటి పేరే పెట్టిండ్రు. 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. అనేక సంచార జాతులను, కొన్ని చోట్ల బంజారాలను కూడా పుట్టుకతోనే నేరస్తులని రాసిండ్రు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఎద్దుల బారు పని పోయింది, తాండలు ఆగిపోయినయి. నేల పనికిరానిది, మనిషి దొంగ. రెండు మాటలూ ఒకే కాలంల, ఒకే తీరు ఆఫీసులల్ల పుట్టినయి. నేరస్త చట్టం 1952లో రద్దయింది. బంజరు అన్న మాట మాత్రం ఇంకా మన పహాణీలల్ల ఉంది.

ఇగ మన జిల్లాల సంగతి. సర్కారు కింద ఉన్న బంజర్లు, పోరంబోకులు, చెరువు శిఖాలు చాలా చోట్ల దొరల చేతుల్లోకి పోయినయి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. వెట్టి వద్దు, దొరలు పట్టుకున్న బంజరు భూములు ఇడిసిపెట్టాలె అని వేలాది మంది కదిలిండ్రు. అక్టోబర్‌ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. ఎన్ని ఇండ్లు అప్పుడు పోలీసు క్యాంపులు చూసినయో మన పెద్దలకు ఎరుకే. ఆ కొట్లాటల ఫలితంగనే తర్వాత చాలా మంది పేదలకు ఆ భూములల్ల చెయ్యి పెట్టే ధైర్యం వచ్చింది. కొందరికి లావుణి పట్టాలు కూడా వచ్చినయి.

ఇక్కడ ఒక చేదు నిజం ఒప్పుకోవాలె. ఆ పట్టా భూమి అంతకుముందు గడ్డి నేలే. దాన్ని దున్నింది మన తాతలే. పత్తి, మక్కలు పెట్టి మమ్మల్ని చదివించింది ఆ భూమే. 1963లో శ్రీరాంసాగర్‌కు పునాదిరాయి పడ్డది. కాకతీయ కాలువ వచ్చినంక మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దిక్కు నేల వరి, పసుపుకు మళ్లింది. గడ్డి పోయింది కానీ కడుపు నిండింది. అందుకే "గడ్డి నేలలు కాపాడాలె" అని ఎవరన్నా పైనుంచి అంటే మనకు ముందు భయమే అయితది. మళ్లీ మన పట్టాలకే ఎసరు పెడతరా అని.

ఆ భయం ఉట్టిగ వచ్చింది కాదు. అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డి నేలను అభయారణ్యం చేసిండ్రు. మొదట్ల పిట్టలు పెరిగినయి. కంచె లోపల గడ్డి బాగుంది, కృష్ణజింకలు బాగా పెరిగినయి. అవి బయటికొచ్చి పంట మేస్తే నష్టపోయింది రైతు. చుట్టూ ఉన్న మెట్ట పంటల, మేత భూముల తీరు నీళ్లొచ్చి మారిపోయింది. బట్టమేక మళ్లీ తగ్గి, కంటికి కనపడకుండ అయింది. చుట్టుపక్కల మనుషుల బతుకు లెక్కలోకి తీసుకోకుండ ఒక ముక్కకు కంచె కట్టి గడ్డిని కాపాడలేమని రోళ్లపాడు చెప్తది.

చెట్ల సంగతి కూడా చూడాలె. సర్కారు తుమ్మ మన దేశం చెట్టు కాదు. 1870ల చివర జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దిక్కు పెట్టిండ్రు. గుజరాత్‌లో బన్ని అనే పెద్ద గడ్డి బయలు ఉంది. అక్కడ 1960లల్ల ఉప్పు నేల పాకుడు ఆపుతదని అదే చెట్టు నాటితే, అది గడ్డినే మింగింది. ఇప్పుడు అక్కడి పశువుల కాపరులే దాన్ని వేళ్లతో సహా తీసి గడ్డిని మళ్లీ తెచ్చుకుంటున్నరు. మన రాష్ట్రంల 2015లో హరితహారం మొదలైంది, చెట్లను 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది లక్ష్యం. రోడ్ల పక్కన, ఊర్లల్ల, చెట్లు పోయిన అడవిలో నాటితే మంచిదే. గడ్డి నేల మీద నాటితే మాత్రం ఒక పచ్చదనాన్ని తీసి ఇంకో పచ్చదనం పెట్టినట్టు. పాత గడ్డి నేలను ఒక్కసారి తవ్వితే, దాంట్ల ఉన్న రకాలన్నీ మళ్లీ రానీకి వందేండ్లు కూడా చాలవని శాస్త్రవేత్తలు చెప్తున్నరు. గడ్డి బలం వేర్లల్ల ఉంటది. వాన నీటిని ఇంకించేది, కార్బన్‌ను మట్టిల దాచేది ఆ వేర్లే.

మనలాంటోళ్లు చేసి చూపించిన చోటు ఒకటుంది. విదర్భలో అకోలా, వాశిం జిల్లాల ఫాసే పార్ధీలు ఒకప్పుడు వలలతో పిట్టలు పట్టి బతికిన ఆదివాసులు. వాళ్లను కూడా నేరస్తులనే రాసిండ్రు. ఏ పిట్ట ఏ గడ్డిల గుడ్లు పెడతదో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలవదు. ఆ తెలివితోనే ఇప్పుడు వాళ్లు గడ్డి నేలలకు కాపలా ఉంటున్నరు. పద్ధతి పెద్దదేం కాదు. పరాయి ముళ్లచెట్టు తీసుడు, గుంతలు తవ్వకుండుడు, ఒక భాగం మేపితే ఇంకో భాగానికి విరామం ఇచ్చుడు, ఎన్ను ముదిరి విత్తనం రాలినంకనే కోసుడు. మన పెద్దలు కూడా చేసిందిదే.

చట్టం కూడా మన దిక్కు కొంత ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1) అడవి భూమిల మేపుకునే హక్కును, సామూహిక వనరును కాపాడుకునే హక్కును గుర్తిస్తది. మనం పోడు పట్టా కోసం పెట్టిన దరఖాస్తులల్ల పావు వంతు కూడా ఈ హక్కు కోసం పెట్టలేదేమో ఆలోచించండి. రెవెన్యూ భూమి అయితే, 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూములను ఊరికే తిరిగి ఇయ్యాలన్నది. భూమి లేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు సర్కారే ఇచ్చిన భూములను మినహాయింపుగా చూడొచ్చని కూడా అన్నది. అంటే పట్టా ఒక దిక్కు, మేత భూమి ఒక దిక్కు, రెండూ కాపాడుకోవచ్చు. పేదోని ఎకరాన్ని ముట్టకుండ మిగిలిన గడ్డిని నిలబెట్టుడే మనం అడగాలె.

ఈ సెలవులల్ల ఇంటికి పోయినప్పుడు రెండు పనులు చేద్దాం. ఒకటి, తహసీల్ ఆఫీసుల మన ఊరి 1954-55 ఖాస్రా పహాణీ నకలు అడుగుదాం. దాంట్ల కంచె, గైరాన్, బంచరాయి, పోరంబోకు అని ఏ సర్వే నంబర్లు ఉన్నయో రాసుకుందాం. ఇప్పుడు ఆ జాగల ఏముందో పోయి చూద్దాం. రెండు, అవ్వలను, తాతలను గడ్డి పేర్లు అడుగుదాం. గోర్ బోలిల, గోండిల, తెలుగుల, ఏ భాషల చెప్తే ఆ భాషల. మాకు గరిక, దర్భ, బోదగడ్డి తప్ప పేర్లు రాకపాయె. మేకలు కాసే తాతను మళ్లీ కలిసి కూసుంటే చేతివేళ్లు చాలనన్ని చెప్పిండు.

ఆషాఢంల మన తాండలల్ల సీత్లా పండుగ చేస్తరు. పశువులు సల్లగుండాలని మొక్కి, వాటిని దాటిస్తరు. ఏటేటా దాటే పశువులు తగ్గుతున్నయి. వాటికి మేసే జాగ ఉందా అని కూడా ఈసారి అడుగుదాం.

మీ ఊర్ల మేత భూమి సంగతి తెలిస్తే కింద రాయండి. అందరివి ఒక దగ్గర జమ చేద్దాం. జై సేవాలాల్.