నాలుగు మెగాబైట్ల చోటు

2002 చివర్లో లింక్‌సిస్ విడుదల చేసిన డబ్ల్యూఆర్‌టీ54జీ వైఫై రౌటర్ గురించి ఎవరు చెప్పినా లైసెన్సు కథే చెబుతారు. అందులో నడుస్తున్నది లినక్స్ అని బయటపడింది, లినక్స్ లైసెన్సయిన జీపీఎల్ షరతుకు కట్టుబడి 2003లో సంస్థ సోర్స్ కోడ్ ఇచ్చింది, ఆ కోడ్ పునాది మీద 2004లో రౌటర్ల కోసం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ప్రాజెక్టు మొదలైంది. ఇదంతా నిజమే. అయితే కోడ్ చేతికొస్తే చాలదు, దాన్ని పెట్టడానికి పెట్టెలో చోటుండాలి. తొలి వెర్షన్లలో ఫ్లాష్ 4 మెగాబైట్లు, ర్యామ్ 16. ఫ్లాష్ మొదట్లో 256 కిలోబైట్లు బూట్‌లోడర్‌వి, చిట్టచివర 64 కిలోబైట్లు సెట్టింగులు దాచుకునే ఎన్‌వీర్యామ్‌వి. నడుమ మిగిలిన దాంట్లోనే కెర్నెల్, కుదించిన ఫైల్ సిస్టమ్ ఇమడాలి. అవి పోగా మిగిలిన కాస్త జాగాలో ఔత్సాహికులు తమకు కావలసిన ప్రోగ్రాములు వేసుకున్నారు. ఆ రౌటర్‌కు అంత పేరు తెచ్చింది ఈ కాస్త జాగాయే.

2005లో వచ్చిన అయిదో వెర్షన్‌లో ఫ్లాష్ 2 మెగాబైట్లకు, ర్యామ్ 8కి పడిపోయాయి. లినక్స్ స్థానంలో వీఎక్స్‌వర్క్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. ఔత్సాహికుల చేతులు కట్టేయడానికే ఇలా చేశారని అప్పట్లో చాలామంది అనుమానించారు. నాకు ఆ వాదన నిలవదనిపిస్తుంది. అదే ఏడాది అదే సంస్థ పాత కొలతలతో, లినక్స్‌తో డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అనే మరో మోడల్‌ను అమ్మకానికి పెట్టింది. తలుపు మూయాలనుకున్నవాళ్లు పక్కనే ఇంకో తలుపు తీయరు. వీఎక్స్‌వర్క్స్‌కు లైసెన్సు రుసుము ఉన్నా దాన్నే ఎంచుకున్నారంటే, చిప్పుల మీద మిగిలేది అంతకు మించి ఉండాలి. తప్పు పట్టాల్సింది పేరు విషయంలో. లోపల సగం తగ్గినా పైన అదే పేరు, అదే నీలం నలుపు పెట్టె. వెర్షన్ సంఖ్య అడుగున అంటించిన చీటీలో మాత్రమే కనిపించేది. ఆ రెండు మెగాబైట్లలోనూ డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనే ఇంకో ఫర్మ్‌వేర్ వాళ్లు లినక్స్ పట్టించారు కదా అనవచ్చు. పట్టించారు, కానీ ఆ ‘మైక్రో’ కూర్పులో ఎస్ఎస్‌హెచ్ లాంటివి వదిలేయాల్సి వచ్చింది. సొంతంగా ఏదైనా వేసుకునే వీలు పోయింది.

లినక్స్ కెర్నెల్ ఏటేటా పెరిగింది, రౌటర్‌లో అతికించిన చిప్పు పెరగలేదు. 54జీఎల్ కూడా చివరికి చోటు చాలకే ఆగింది: ఇప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కోసం రౌటర్ కొనేవారికి ఆ ప్రాజెక్టు చెప్పే కనీస కొలతలు 16 మెగాబైట్ల ఫ్లాష్, 128 మెగాబైట్ల ర్యామ్.