వలందుల సమాధుల దగ్గర

మా బందరులో పేటల పేర్లే సగం చరిత్ర చెప్పేస్తాయి. డచ్చివాళ్లను మన పెద్దలు వలందులన్నారు, వాళ్ల పేరున వలందపాలెం. ఫ్రెంచివాళ్ల పేరున పరాసుపేట, ఇంగ్లీషువాళ్ల పేరున ఇంగ్లీషుపాలెం. అందరూ ఎప్పుడో ఓడలెక్కేశారు. ఎక్కలేకపోయిన వలందులు కొందరు ఇక్కడి డచ్చి సమాధుల్లో ఉండిపోయారు.

మొన్న పొద్దున్నే నీళ్ల సీసా పట్టుకుని అక్కడికి వెళ్లాను. తాగడానికి కాదు. సమాధి పలక మీద నీళ్లు చల్లి అరచేత్తో రుద్దితే దుమ్ములోంచి అక్షరాలు తేలతాయి. లోపలికి తవ్విన అక్షరాలు కావవి, చుట్టూ రాయి తొలిచేసి ఉబ్బెత్తుగా నిలిపినవి. పైన డాలు, శిరస్త్రాణం, వాటి చుట్టూ అల్లుకున్న ఆకులు. ఆ భాష నాకు రాదు. చెక్కినవాడికీ వచ్చి ఉండదనే నా అనుమానం. ముగ్గు దిద్దినట్టు దిద్దాడు. ఆకు వంపు మాత్రం మా ఇంటి పాత కలంకారీ దుప్పటి అంచులో చూసినట్టే ఉంది.

వీళ్లు వచ్చిందే ఆ గుడ్డల కోసం. గోల్కొండ సుల్తానుల రేవు మాది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు. ఆ అద్దకం ఇలా: కరక్కాయ రసం, గేదెపాలలో నానిన గుడ్డ మీద తుప్పు, బెల్లం ఊరిన నీళ్లు పడితే నలుపు. పటిక అద్ది చిరివేరుతో ఉడికిస్తే ఎరుపు. కొన్నవాడి పేరు రాతి మీద ఉంది. అద్దినవాడిది గుడ్డ మీద కూడా లేదు.

సమాధుల మధ్య నిలబడ్డ తెలుగువాడికి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను గుర్తు రాకుండా ఉంటుందా? ఆ సీనులో పాడే జాషువా పద్యాల్లో చిత్రకారుడి కుంచె కూడా ఆ మట్టిలోనే కలిసిపోతుంది. మా ఊళ్లో సముద్రం మట్టి దాకా కూడా రానివ్వలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. అందులో అద్దకంవాళ్లు ఎందరో ఏ రాయి చెబుతుంది?

మర్నాడు, ఇప్పటికీ కలంకారీ అద్దే పెడన వెళ్లాను. ఒక పెద్దాయన టేకు అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్కటి వేస్తున్నాడు.

"ఈ అచ్చు ఎవరు చెక్కారు బాబాయ్?" అన్నాను.

ఆయన అచ్చు తిరగేసి చూశాడు. వెనకాల పేరేమీ లేదు, పట్టుకుని పట్టుకుని నున్నబడిన పిడి తప్ప.

"మా నాన్నప్పటిది" అని మళ్లీ రంగులో అద్దాడు.