బ్రేకు పడలేదన్న జవాబు

బనగానపల్లె మామిడి పేరు ఎరగని తెలుగువారు ఉండరు. ఆ కాయలను, ఆ సీమ నాపరాళ్ళను మోసే లారీల కథను మాత్రం చరిత్రకారులు అంతగా పట్టించుకోరు. లారీ ఎవరినైనా గుద్దితే సాధారణంగా వినబడే మాట ఒకటుంది: "బ్రేకు ఫెయిలయింది, మా తప్పేముంది?" ఈ జవాబు న్యాయస్థానాలలో తిరిగిన మలుపులను నాకు తెలిసినంతలో చెబుతాను.

1939 నాటి మోటారు వాహనాల చట్టం బ్రిటిష్ ఇండియా కోసం చేసినది. దారిన పోయేవారి రక్షణకై అందులో పెట్టిన నిర్బంధ బీమా 1946 జూలై 1న అమలులోకి వచ్చింది. అప్పటికి బనగానపల్లె నవాబుల సంస్థానం. ఆ చట్టం దానంతటది అక్కడికి వర్తించదు. 1948లో సంస్థానం మద్రాసులో విలీనమయింది.

బీమా ఉంటే చాలునా? 1976 ఆల్ ఇండియా రిపోర్టరులో అచ్చయిన ఒక తీర్పులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, నిర్బంధ బీమా ఉన్నాక నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదని అభిప్రాయపడింది. 1977లో ఒక బొంబాయి లారీ కేసులో సుప్రీంకోర్టు దానిని కాదన్నది. యజమాని బాధ్యత తేలనిదే బీమా కంపెనీ బాధ్యత లేదన్నది. అయితే అదే తీర్పు ఒక మేలు కూడా చేసింది. యంత్రలోపమని తప్పించుకోజూసే యజమాని, బండిని బాగుగా ఉంచడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఆ లోపం బయటపడలేదని తానే రుజువు చేయాలన్నది. ఇది న్యాయమే. మరమ్మతు చీటీలు షెడ్డులో ఉంటాయి గానీ చనిపోయినవాని భార్య చేతిలో ఉండవు గదా!

ఇంతకంటె విచిత్రమైనది మరొకటి. ప్రమాదకరమైన దానిని తెచ్చిపెట్టుకున్నవాడు, అది తప్పించుకుని కలిగించిన నష్టానికి తన తప్పు లేకున్నా బాధ్యుడేనని 1868లో ఇంగ్లండులో ఒక జలాశయం కేసులో తేల్చారు. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైలుదారి కొట్టుకుపోయినపుడు, 1874లో ప్రీవీ కౌన్సిలు ఆ సూత్రాన్ని వర్తింపజేయలేదు. ఈ దేశంలో చెరువు ప్రజల ప్రాణాధారమన్నది. 2001లో సుప్రీంకోర్టు అదే సూత్రాన్ని, ముందు టైరు పేలి బోల్తాపడిన ఒక జీపు కేసులో వర్తింపజేసి, పాదచారి కుటుంబానికి పరిహారం ఇప్పించింది.

నాకు ఈ రెండు తీర్పులలో వైరుధ్యం కనబడదు. చెరువు ఊరందరిదీ, లారీ లాభం మాత్రం యజమానిదే. 2022 ఏప్రిల్ 1 నుండి, ఎవరి తప్పో రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షల రూపాయలు కోరే వీలు చట్టంలోకి వచ్చింది. "బ్రేకు పడలేదు" అన్న జవాబు పదును తగ్గడానికి ఇంతకాలం పట్టింది.