అంతరాయము తీరిన పిమ్మట

ప్రధానోపాధ్యాయుడు మార్కుల రిజిస్టరు వ్రాయుచుండగా జవాను ఒక అత్యవసరమైన ఉత్తరము తెచ్చెననుకొందము. ఆయన కలము ఆపి ఉత్తరమునందుకొనును. జవాను వెడలిన పిమ్మట తిరిగి రిజిస్టరే వ్రాయవలెనా, ఉత్తరములోని పనియే ముందు చూడవలెనా? కంప్యూటరులోని పనులకు ప్రాసెసరు కాలమును పంచిపెట్టు మూల ప్రోగ్రామును కెర్నెల్ అందురు. దానికి ఇట్టి ప్రశ్న సెకనుకు వందలసార్లు ఎదురగుచుండును.

కీబోర్డు, డిస్కు, గడియారము మొదలైనవి ప్రాసెసరును పిలుచు సంకేతమే ఇంటరప్టు. 1954 నాటి అమెరికా యంత్రమగు డైసియాక్ ఈ సౌకర్యము గల తొలి కంప్యూటర్లలో ఒకటి. 1961 నవంబరులో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో బృందము, అనేకులు ఒకే యంత్రమును పంచుకొను విధానమును ప్రదర్శించెను. గడియారపు ఇంటరప్టు వచ్చినపుడు ఒకరి పనిని నిలిపి వేరొకరికి అవకాశమిచ్చుటయే అందలి కీలకము.

1969లో బెల్ లాబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్ రచన ప్రారంభించిరి. అందు వినియోగదారుని ప్రోగ్రాము నడుచుచుండగా ఇంటరప్టు వచ్చినచో, తిరిగి పోవునపుడు పని మార్చవచ్చును. కాని కెర్నెలే ఏదైన పనిలో నున్నపుడు మార్చుట లేదు. కారణము స్పష్టమే: సగము వ్రాసిన రిజిస్టరులో మరియొకరు చేయి పెట్టినచో లెక్కలు తారుమారగును. ఇందుచే క్షేమము కలిగెను గాని, కెర్నెల్ పని దీర్ఘమైనపుడు అత్యవసరమైన పని కూడ వేచియుండవలసి వచ్చెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్స్ సైతము తొలుత ఈ మార్గమునే అనుసరించెను.

పెక్కు ప్రాసెసర్లు గల యంత్రములు వచ్చిన పిదప ఉపాయము దొరకెను. రెండు ప్రాసెసర్లు ఒకే సమాచారమును ముట్టకుండుటకై కెర్నెల్‌లో అచ్చటచ్చట తాళములు అమర్చియుండిరి. అనగా ప్రమాద స్థలములు అప్పటికే గుర్తింపబడియున్నవి! తాళము వేసినపుడు ఒక లెక్క పెంచి, తీసినపుడు తగ్గించినచో చాలును. ఇంటరప్టు నుండి మరలునపుడు కెర్నెల్ రెండు విషయములు చూచును: వేరొక పనికి అవకాశమిమ్మను గుర్తు ఉన్నదా? లెక్క సున్నయా? రెండును సరిపడినచో అప్పుడే పని మార్చును. లెక్క సున్న కానిచో పాత పనికే మరలును. చివరి తాళము తీసిన క్షణమున ఆ గుర్తును మరల చూచును. రాబర్ట్ లవ్ మొదలగువారి కృషిచే ఈ పద్ధతి 2003 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6లో స్థానము పొందెను.

2024 నవంబరు నాటి 6.12లో మరియొక మెట్టు ఎక్కి, పెక్కు తాళములు వేసియున్నపుడు సైతము పని మార్చు వీలు చేర్చిరి. యంత్రపు చేతిని నడపు కంప్యూటరుకు క్షణకాలపు ఆలస్యము సైతము హానికరము. కావున పనిని త్వరగా ముగించుట మాత్రమే గాక, ఎప్పుడు విడువవచ్చునో ఎరుగుటయు కెర్నెల్‌కు అవసరమే.