కర్త – సబ్జెక్టు: ఆంగ్ల వ్యాకరణ బోధనలో తెలుగు పరిభాష చరిత్ర

ఉపోద్ఘాతం

సికింద్రాబాదు నుంచి మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే రహదారిపై సుచిత్ర ఒక కూడలి. ఒకవైపు జీడిమెట్ల పారిశ్రామికవాడ, మరొకవైపు కొంపల్లి. తెలుగు, ఉర్దూ, హిందీ ఇంటిభాషలుగా గల పిల్లలు ఇక్కడ ఒకే తరగతిలో కూర్చుంటారు. వారికి ఆంగ్ల వ్యాకరణం తరచుగా ఒక సమీకరణంతో మొదలవుతుంది: సబ్జెక్టు అంటే కర్త, వెర్బ్ అంటే క్రియ, ఆబ్జెక్టు అంటే కర్మ. తెలుగునాట అంతటా వినిపించే ఈ సమీకరణం ఎంత సహజంగా తోస్తుందంటే, దానికొక చరిత్ర ఉందన్న స్పృహే మనకు కలగదు. ఆ చరిత్రను స్థూలంగా పరిశీలించి, అందులోని చిక్కును నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు ఆరోపణలు

తెలుగు, ఆంగ్ల వ్యాకరణాల సంపర్కం మొదట ఆంగ్లేయుల అవసరంకోసం ఏర్పడింది. విలియం కేరీ వ్యాకరణం 1814లో, ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం 1816లో, సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో, ఆర్డెన్ వ్యాకరణం 1873లో వెలువడ్డాయి. తెలుగు నేర్చుకోదలచిన అధికారులు, మతప్రచారకులు వీటి పాఠకులు. క్యాంబెల్ దేశీయ వ్యాకర్తల మార్గాన్ని గౌరవించినా, వీరందరికీ పరిచితమైన చట్రం లాటిన్ వ్యాకరణానిదే. ఆ చట్రాన్ని తెలుగుపై మోపడం మొదటి ఆరోపణ.

తెలుగు పిల్లలు ఆంగ్లం నేర్చుకోవడం విస్తరించిన కొద్దీ దిశ తారుమారైంది. ఆంగ్ల వాక్యాన్ని వివరించడానికి చేతికందిన పరిభాష సంస్కృత వ్యాకరణానిది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం కారక, క్రియా, కృదంతాది పరిచ్ఛేదాలతో ఆ పరిభాషను తెలుగు విద్యలో సుస్థిరం చేసింది. కారక పరిభాషను ఆంగ్లానికి వర్తింపజేయడం రెండవ ఆరోపణ. మొదటిదానిపై పండితులు విస్తృతంగా చర్చించారు. రెండవది బడిగదిలోనే ఉండిపోయినందున పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు.

ఐదు, ఎనిమిది

భాషాభాగాల లెక్కలోనే ఈ భేదం కనిపిస్తుంది. యాస్కుడు పదాలను నామ, ఆఖ్యాత, ఉపసర్గ, నిపాతాలని నాలుగుగా విభజించాడు. పాణినీయంలో పదం సుబంతం, తిఙంతం అని రెండే విధాలు. గ్రీకులో క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన డయొనీసియస్ థ్రాక్స్ పేరిట ప్రసిద్ధమైన వ్యాకరణం ఎనిమిది భాగాలను చెప్పింది. లాటిన్‌లో ఆర్టికల్ లేనందున దాని స్థానంలో ఆశ్చర్యార్థకాన్ని చేర్చి, ఎనిమిది సంఖ్యను నిలిపారు. 1795లో వచ్చిన లిండ్లీ మరే ఆంగ్ల వ్యాకరణం తొమ్మిదింటిని చెప్పింది. నేటి బడిపుస్తకాలు సాధారణంగా ఎనిమిదింటిని బోధిస్తున్నాయి. సంఖ్య భాషాసహజం కాదనీ, ప్రతి సంప్రదాయమూ తన భాషను బట్టి, తన పూర్వులను బట్టి దానిని నిర్ణయించుకున్నదనీ దీనివల్ల స్పష్టం.

తెలుగు పాఠశాల వ్యాకరణం ఐదు భాషాభాగాలను బోధిస్తుంది: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. మొదటి నాలుగూ ఆంగ్లంలోని నాలుగింటికి సరిపోతున్నట్లే కనిపిస్తాయి. ఆంగ్లంలో మిగిలిన నాలుగింటికీ, అంటే అడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్‌జెక్షన్‌లకు, మనవద్ద మిగిలింది అవ్యయమొక్కటే. అవ్యయం రూపాన్ని బట్టి పెట్టిన పేరు. లింగ వచన విభక్తులచే మార్పు చెందనిది అని దాని అర్థం. ఆంగ్లంలోని నాలుగూ ప్రధానంగా వాక్యంలో చేసే పనిని బట్టి వేరుపడినవి. పైగా ప్రిపొజిషన్ చేసే పనిని తెలుగులో చాలావరకు విభక్తి ప్రత్యయాలు చేస్తాయి. 'ఇన్ ది హౌస్' అన్నది మూడు పదాలు. 'ఇంట్లో' అన్నది ఒకే పదం. ఆ 'లో' మన ఐదింటిలో విడిగా ఎక్కడా చేరదు. ప్రిపొజిషన్ దగ్గర పిల్లవాడు తడబడితే దానిని అశ్రద్ధగా భావించరాదు. అతనికిచ్చిన పట్టికలోనే ఆ గడి లేదు.

కర్త ఎవరు?

అసలు చిక్కు కర్త దగ్గర ఉంది. కారకదృష్టిలో కర్త క్రియను నిర్వర్తించే స్వతంత్రుడు. అది అర్థాశ్రయమైన భావన. ఆంగ్లంలో సబ్జెక్టు ప్రధానంగా వాక్యనిర్మాణానికి చెందినది. క్రియ దాని పురుష వచనాలను అనుసరిస్తుంది. 'సీత ఉత్తరాలు రాసింది' వంటి వాక్యంలో రెండూ ఒకచోటే కలుస్తాయి కనుక సమీకరణం నిలుస్తుంది. 'ది లెటర్స్ వర్ రిటెన్ బై సీత' అన్నప్పుడు విడిపోతాయి. ఇక్కడ కర్త సీతే. సబ్జెక్టు మాత్రం ఉత్తరాలు; 'వర్' అన్న బహువచనం వాటివల్లనే వచ్చింది. సబ్జెక్టు అంటే కర్త అని నమ్మిన పిల్ల సీతను చూసి 'వాజ్' అని రాస్తే, ఆమె చెప్పిన సూత్రాన్ని నిజాయితీగా పాటించిందన్నమాట.

ఇంకొక విషయం గమనార్హం. కర్మణి వాక్యంలో కర్తకు 'చేత' చేరుతుందని తెలుగు ఉపాధ్యాయుడు బోధిస్తాడు. వాక్యం మొదట ఉన్నదే కర్త అని ఆంగ్ల తరగతి స్ఫురింపజేస్తుంది. ఒకే బడిలో ఒకే రోజున ఒకే పదం రెండు పరస్పర విరుద్ధార్థాలలో వినిపిస్తున్నది.

తెలుగు సహజ వాక్యాలలో ఈ విభేదం మరింత తీవ్రం. 'నాకు ఇద్దరు చెల్లెళ్ళున్నారు' అన్నప్పుడు క్రియ చెల్లెళ్ళను అనుసరిస్తుంది; ఆంగ్లంలో 'నేను' సబ్జెక్టు అవుతుంది. 'ఆయన వైద్యుడు' అన్నచోట క్రియే లేదు. ఆంగ్లంలో 'ఈజ్' తప్పనిసరి. చేకూరి రామారావు తెలుగు వాక్యం 1975లో వెలువడిన తరువాత క్రియారహిత వాక్యం మనకు కొత్త విషయం కాదు. అయినా ఆ అవగాహన ఆంగ్ల తరగతిని ఇంకా చేరలేదు.

ఉర్దూ బడి సాక్ష్యం

మేడ్చల్ నిజాం కాలంలో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనిది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంగ్లాన్ని నిర్బంధ పాఠ్యాంశంగా ఉంచింది. ఉన్నత పాఠశాలల్లోనూ ప్రధాన మాధ్యమం ఉర్దూయే. అక్కడ చదివిన తెలంగాణ విద్యార్థికి అందుబాటులో ఉన్నది అరబ్బీ మూలమైన పరిభాష. అందులో పదం మూడు విధాలు: ఇస్మ్, ఫేల్, హర్ఫ్. సంఖ్య తక్కువైనా వాక్యభాగాల విషయంలో అది మనకంటే సూక్ష్మం. క్రియను చేసేవాడు ఫాయిల్; చేయబడేది మఫ్ఊల్. కర్మణిలో ఫాయిల్ స్థానంలో నిలిచినదానికి నాయిబె ఫాయిల్ అని వేరే పేరుంది. క్రియారహిత వాక్యంలోని రెండు భాగాలు ముబ్తదా, ఖబర్. మనం కర్త అన్న ఒక్క మాటలో ఇరికించిన మూడు భావనలకు ఆ సంప్రదాయం మూడు పేర్లను సిద్ధంగా ఉంచింది. 1948 తరువాత తెలుగు మాధ్యమం వేళ్ళూనే క్రమంలో ఆ పరిభాష తెరమరుగైంది. అది గుర్తించిన భేదాలు మాత్రం మన పరిభాషలోకి రాలేదు.

పరిష్కార దిశ

ఉద్దేశ్యం, విధేయం అన్న శాస్త్రపదాలు మనకున్నాయి. 'ఆయన వైద్యుడు' వంటి వాక్యాలకు అవి చక్కగా సరిపోతాయి. అయితే వ్యవహారంలో ఉద్దేశ్యం అంటే ఉద్దేశమనే అర్థం స్థిరపడింది. సబ్జెక్టు అన్న మాటనే ఉంచుదామంటే, పిల్లల నోట అది గణితానికీ సైన్సుకూ పర్యాయపదం. కనుక పేరు మార్చినంత మాత్రాన సమస్య తీరదు, నిర్వచనం మారాలి. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అన్న భేదాన్ని తెలుగు పిల్ల బడికి రాకముందే తప్పులేకుండా పాటిస్తుంది. క్రియ దేనిని అనుసరించి మారుతుందో అదే సబ్జెక్టు అని చెబితే, ఆమెకు అప్పటికే తెలిసిన జ్ఞానం ఆంగ్లానికి వంతెన అవుతుంది. కర్త అన్న మాటను పనిచేసేవాడికే ప్రత్యేకించవచ్చు.

ముగింపు

2022–23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఒక పుట ఆంగ్లం, ఎదుటి పుట తెలుగుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. రెండు భాషలూ ఎదురెదురుగా నిలిచినప్పుడు పరిభాషలోని పొరపాటు దాగదు. దానిని సరిచేయడం ఆంగ్ల శాఖల పని అని మనం తప్పుకోలేము. కర్త మన మాట. బడిలో రెండు భాషల ఉపాధ్యాయులు కలిసి కూర్చుని ఆ మాటకు ఒకే అర్థాన్ని నిర్ణయించుకునేందుకు తోడ్పడడం తెలుగు శాఖల బాధ్యత. అంతవరకు సుచిత్ర బడిలోని పిల్ల తనకు వ్యాకరణం రాదనే అనుకుంటుంది. నిజానికి ఆమెకు రెండు వ్యాకరణాలు ఒకే పేరుతో అందాయి.